చెవిపోటు: చోడవరం పరిసరాల్లో ఇంటి ఉపశమనం, దాని హద్దులు

చెవి లోపల గానీ, చుట్టూ గానీ పుట్టే నొప్పిని చెవిపోటు అంటారు. వైద్యుల లెక్కలో అది రోగం కాదు, రోగ లక్షణం. చెవి గొట్టంలో లేచిన సెగగడ్డ, మధ్యచెవిలో చేరిన చీము, రాయిలా బిగిసిన గుబిలి, దూరిన పురుగు, పుచ్చిన దవడపన్ను, గొంతులో పుండు, వీటన్నిటికీ బాధపడే మనిషి చెప్పే మాట ఒకటే: చెవి పోటెత్తుతోంది. మూలం ఏదన్నది తేల్చుకోకుండా చేసే వైద్యమే చెవి విషయంలో ఎక్కువ హాని చేస్తుంది.

చోడవరం అనకాపల్లి జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, పక్కనే గోవాడ సహకార చక్కెర కర్మాగారం, చుట్టూ చెరకు మళ్లు, వరి పొలాలు, పడమట మాడుగుల దాటగానే మొదలయ్యే కొండలు ఈ ఊరికి గుర్తులు. అనకాపల్లి సుమారు 20 కిలోమీటర్లు, విశాఖ 50 కిలోమీటర్ల దూరం. పగటిపూట ఇది పెద్ద దూరం కాదు. అయితే చెవిపోటు చాలాసార్లు రాత్రి పక్క మీద వాలాకే ముదురుతుంది. చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ని చేరేది మర్నాడు ఉదయం. ఈ మధ్యలో గడవాల్సిన రాత్రికి ఇంట్లో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదన్నదే ఈ వ్యాసంలోని ముఖ్య విషయం.

పోటు అంత తీవ్రంగా ఎందుకుంటుంది

పెద్దవాళ్లలో చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. బయటి మూడోవంతు మృదులాస్థి; అక్కడ వెంట్రుకల కుదుళ్లు, గుబిలి ఊరే గ్రంథులు ఉంటాయి. లోపలి భాగమంతా ఎముక. ఆ ఎముక మీద చర్మం పల్చగా అతుక్కుని ఉంటుంది. ఒంట్లో మరెక్కడైనా వాపు వస్తే చర్మం కొంత సాగి చోటిస్తుంది. ఇక్కడ సాగే వీలు లేదు. అందుకే గోరంత కురుపు కూడా మనిషిని నిద్రపోనివ్వదు.

గొట్టం చివర కర్ణభేరి, దాని వెనక మధ్యచెవి. మధ్యచెవికి గాలి అందేది ముక్కు వెనక భాగం నుంచి వచ్చే సన్నని నాళం ద్వారా. 16వ శతాబ్దపు ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు బార్తొలోమియో యుస్టాకీ పేరు మీద దాన్ని యుస్టేషియన్ నాళం అంటారు. పిల్లల్లో ఈ నాళం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. పడిశం పట్టగానే వాచి మూసుకుపోతుంది. లోపల నీరు చేరి, అందులో సూక్ష్మక్రిములు పెరిగి, చీము కర్ణభేరిని వెనకనుంచి నెడుతుంది. పడుకున్నప్పుడు తలలోకి రక్తపు ఒత్తిడి పెరిగి ఆ నెట్టుడు మరింత ఎక్కువవుతుంది. తలగడ ఎత్తు పెంచితే పోటు కొంత తగ్గడానికి కారణం ఇదే.

ఒక్కోసారి తెల్లవారుజామున పిల్లవాడు ఏడుపు ఆపి హాయిగా నిద్రపోతాడు. దిండు మీద చీము, కొద్దిపాటి రక్తం కనిపిస్తాయి. కర్ణభేరికి చిల్లు పడి లోపలి ఒత్తిడి దిగిపోయిందన్నమాట. ఇలాంటి చిల్లులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే మూసుకుంటాయి. నొప్పి పోయింది కదా అని చీముని పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం చెవి ఏళ్ల తరబడి కారుతుంది, వినికిడి తరుగుతుంది.

వానాకాలపు చెవి, చలికాలపు చెవి

చోడవరం ప్రాంతంలో చెవి బాధలకు రెండు రుతువులు ఉన్నాయనవచ్చు. మొదటిది వానాకాలం. గెడ్డల్లో, చెరువుల్లో, శారదా నది పాయల్లో పిల్లలు ఈదేది అప్పుడే. గాలిలో తేమ ఎక్కువ. నానిన చెవి గొట్టాన్ని అగ్గిపుల్లతోనో పిన్నీసుతోనో గోకితే చర్మం చిట్లి, సూడోమొనాస్, స్టెఫిలోకాకస్ లాంటి బాక్టీరియా చేరతాయి. తేమకు బూజు కూడా పడుతుంది. బూజు పట్టిన చెవి ముందు దురద పెడుతుంది, తర్వాత దిబ్బడ వేస్తుంది, ఆ తర్వాతే నొప్పి. లోపల నల్లని చుక్కలతో తెల్లటి తెట్టు కనిపిస్తుంది. వారం వారం చెవిలో నూనె పోసుకునే అలవాటు ఉన్నవారిలో ఈ బూజు మళ్లీ మళ్లీ వస్తుంది.

రెండోది చెరకు నరికే చలికాలం. మన్యపు కొండల మీదనుంచి దిగే మంచు, పడిశాలు, దగ్గులు. బెల్లం వండే పొయ్యిల పొగ, ఇంటి పొయ్యి పొగ, ఇంట్లో కాల్చే చుట్ట, బీడీ పొగ పసిపిల్లల ముక్కు పొరలను వాచేలా చేస్తాయి. పొగ పీల్చే ఇళ్లలోని పిల్లలకు మధ్యచెవి జబ్బులు ఎక్కువన్నది ప్రపంచమంతటా తేలిన విషయం. ఆరు నెలల నుంచి రెండేళ్ల వయసు వారికి ముప్పు మరీ ఎక్కువ.

ఏ రకమో ఇంట్లోనే కొంతవరకు పోల్చుకోవచ్చు. చెవి రంధ్రం ముందున్న చిన్న మృదులాస్థి బుడిపెను మెల్లగా నొక్కినా, చెవి దొప్పను లాగినా ప్రాణం పోయేంత నొప్పి వస్తే జబ్బు బయటి గొట్టంలో ఉందని అనుకోవచ్చు. పడిశం, జ్వరం ముందు వచ్చి, చెవి దొప్పను ముట్టుకుంటే నొప్పి పెరగకపోతే మధ్యచెవిని అనుమానించాలి. నమిలినప్పుడు పెరిగితే పన్ను, దవడ కీలు చూపించుకోవాలి. చెవి కింద, దవడ మూలలో ఉబ్బితే గవదబిళ్లలు కావచ్చు. మాటలు రాని పిల్లలు చెవి లాక్కోవడం ఒక్కటే గుర్తు కాదు; పాలు తాగబోయి వదిలేయడం, పడుకోబెడితే కెవ్వుమనడం అంతకంటే నమ్మదగిన సూచనలు.

ఆ రాత్రికి

ఇంట్లో సాధించవలసింది నొప్పి తగ్గించడమే. అందుకు నోటి మందు, చెవి బయట కాపడం, పడుకునే తీరు చాలు. చెవిలోకి ఏదీ పంపనక్కర్లేదు.

అన్నిటికంటే బాగా పనిచేసేది పారాసిటమాల్. చాలా ఇళ్లలో ఇది జ్వరం మందుగానే తెలుసు, అందుకే జ్వరం లేని చెవిపోటుకు వేయరు. వేయాలి. పిల్లలకు బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మళ్లీ వేయాల్సి వస్తే నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, రోజులో నాలుగుసార్లు మించకూడదు. పొరపాటు జరిగేది సీసా దగ్గర. 10 కిలోల బిడ్డకు గరిష్ఠంగా 150 మిల్లీగ్రాములు అనుకుంటే, 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లకు 250 ఉండే సిరప్ అయితే 3 మిల్లీలీటర్లే. పసిపిల్లల చుక్కల మందు సాధారణంగా ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి ఒకటిన్నర మిల్లీలీటరు చాలు. ఒక సీసా కొలత మరో సీసాకు వాడితే మందు రెండింతలో నాలుగింతలో అయిపోతుంది. ఇంటి చెంచాలతో కాకుండా సీసాతో ఇచ్చే మూతతో గానీ, సూది లేని సిరంజితో గానీ కొలవాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమో, ఆగని ఏడుపో ఉంటే ఇంటి మందుతో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఆరు గంటల ఎడంతో. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు డాక్టరును అడిగే వేసుకోవాలి. ఐబుప్రొఫెన్ చెవి నొప్పికి మంచి మందే గానీ కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పనికిరాదు. వానాకాలంలో డెంగీ అనుమానం ఉన్న జ్వరంతో చెవిపోటు వస్తే దాని జోలికి పోకూడదు, అది రక్తస్రావాన్ని పెంచుతుంది. పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు.

కాపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. కళ్లుప్పు గానీ, బియ్యం గానీ, వాము కలిపిన ఉప్పు గానీ పెనం మీద వేయించి మెత్తటి నూలు గుడ్డలో మూటకట్టి చెవి వెనక, కింద, దవడ మీద ఆనిస్తారు. ఇది నిజంగా సుఖం ఇస్తుంది. వెచ్చదనం కండరాల బిగువును వదిలిస్తుంది, నొప్పి తెలియడాన్ని మందగింపజేస్తుంది. ఉప్పు వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది కనుక మూటను ముందు తన ముంజేతి లోపలి వైపు పెట్టి చూసుకోవాలి. ఒక్కోసారికి పది, పదిహేను నిమిషాలు చాలు. చెప్పలేని పసిబిడ్డలకు, చక్కెర జబ్బుతో స్పర్శ మందగించిన ముసలివారికి వేడి మూట వద్దు. వేడి నీళ్లలో పిండిన గుడ్డ వారికి సరిపోతుంది. కొందరికి వేడికంటే చల్లని గుడ్డే హాయినిస్తుంది, అలా పెట్టినా తప్పు లేదు.

తల కింద రెండు దిండ్లు వేసుకుని, నొప్పి ఉన్న చెవి పైకి ఉండేలా పడుకోవాలి. గోరువెచ్చని నీళ్లు గుటకలుగా తాగితే యుస్టేషియన్ నాళం తెరుచుకుంటుంది. ముక్కు దిబ్బడ ఉంటే పిల్లలకు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేయవచ్చు. పాలసీసా పిల్లలను పూర్తిగా పడుకోబెట్టి తాగించకుండా తల ఎత్తి పట్టాలి. పడిశంలో రెండు ముక్కులూ మూసి గట్టిగా చీదితే చీమిడి మధ్యచెవిలోకి ఎక్కవచ్చు. ఒక్కో ముక్కే మెల్లగా చీదాలి.

నొప్పి తగ్గకపోతే ఆ రాత్రే యాంటీబయాటిక్ కావాలేమోనన్న ఆందోళన సహజం. రెండేళ్లు దాటిన ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి, చెవి కారకుండా, జ్వరం ఎక్కువ లేకుండా ఉంటే, 48 నుంచి 72 గంటలు నొప్పికి మందు ఇస్తూ గమనించవచ్చని శిశువైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధ్యచెవి వాపుల్లో ఎక్కువ భాగం మూడు రోజుల్లోపు శాంతిస్తాయి. నిరుడు మిగిలిన సీసాలోని మందు వాడటం, పక్కింటివారి మాత్రలు వేయడం దీనికి ప్రత్యామ్నాయం కావు.

చెవిలో పోసేవి

వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నువ్వుల నూనె, జిల్లేడాకు వాడ్చి పిండిన రసం, తుమ్మి ఆకు పసరు, ఉల్లి రసం, తల్లిపాలు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చెవిపోటు అనగానే పెద్దవాళ్ల నోట ఈ పేర్లు వస్తాయి. దీని వెనక పాత చరిత్ర ఉంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం చెవి రోగాలను 28గా లెక్కించి కర్ణశూలను మొదట చెప్పింది. స్వేదనం, అంటే కాపడం, కర్ణపూరణం, అంటే చెవిలో ఔషధం నింపడం, రెండూ ఆ సంప్రదాయంలో ఉన్నాయి. అయితే అవి రోగిని పరీక్షించి దోషాన్ని నిర్ణయించాక వైద్యుడు చేసే చికిత్సలు. అర్ధరాత్రి వంటింట్లో కాచి పోసే నూనెను వాటితో సమానం చేయలేం.

వెల్లుల్లి నూనె మీద ఆధునిక పరిశోధన కూడా జరిగింది. వెల్లుల్లి, మరికొన్ని మూలికలు నూనెలో ఊరబెట్టిన చుక్కలను ఇజ్రాయెల్ వైద్యులు మధ్యచెవి వాపు ఉన్న పిల్లలకు వాడి 2001లో, 2003లో ఫలితాలు ప్రకటించారు. చెవిలో వేసే మత్తు చుక్కలతో సమానంగా నొప్పి తగ్గింది. కానీ ఆ తగ్గుదలలో చాలా భాగం కాలం గడవడం వల్ల వచ్చిందేనని 2003 నాటి అధ్యయనమే ఒప్పుకుంది. పైగా ఆ చుక్కలు శుభ్రంగా తయారైనవి, పిల్లల చెవులను వైద్యులు ముందే చూశారు. మన ఇంట్లో ఆ రెండు హామీలూ ఉండవు.

కర్ణభేరికి చిల్లు లేకపోతే నూనె మధ్యచెవిని చేరదు, అక్కడి చీమును ఏమీ చేయలేదు. చిల్లు ఉంటే మధ్యచెవిలోకి నేరుగా పోయి కొత్త క్రిములను మోసుకెళుతుంది. రెండు విధాలా లాభం తక్కువ, నష్టం ఎక్కువ. వేడి నూనె కర్ణభేరిని కాల్చేస్తుంది. చల్లటిదైతే లోపలి చెవి చలించి తల గిర్రున తిరుగుతుంది. జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కించే గుణం ఉన్నవి, వాటిని చెవి దరిదాపులకు రానివ్వకూడదు. తల్లిపాలు బిడ్డ నోటికి చేరితేనే చెవికి మేలు. ఆరు నెలలు తల్లిపాలే తాగిన బిడ్డలకు మధ్యచెవి జబ్బులు తక్కువగా వస్తాయి. బిడ్డ చెవిలో పాలు పిండిన అమ్మమ్మను తప్పుపట్టి మందలించడం కంటే, ఆ చేతికే కాపడపు గుడ్డ అందించడం మంచిది. ఆమె కోరుకున్నది కూడా బిడ్డ ఏడుపు ఆగడమే.

నూనెకు న్యాయమైన చోటు ఒకటుంది. బతికున్న పురుగు దూరినప్పుడు. లోపల అది కదిలే బాధ, చప్పుడు మనిషిని వెర్రెత్తిస్తాయి. చెవి ఎప్పుడూ కారనివారైతే, తల పక్కకు వంచి గోరువెచ్చని కొబ్బరినూనె కొన్ని చుక్కలు వేస్తే పురుగు చచ్చి బాధ ఆగుతుంది. తీయడం మర్నాడు ఆసుపత్రిలో. బొద్దింక వెలుగంటే పారిపోయే జీవి కనుక టార్చి వేస్తే ఇంకా లోపలికి పోయే ప్రమాదం ఉంది. పిల్లలు పెసలు, సెనగలు, చింతగింజలు దూర్చుకుంటే నీళ్లు పోయకూడదు, గింజ ఉబ్బి బిగుసుకుంటుంది. గడియారాల్లో, బొమ్మల్లో వాడే గుండీ బ్యాటరీ అయితే నీరు, నూనె ఏదీ వేయకుండా ఆ క్షణమే బయలుదేరాలి. కొన్ని గంటల్లోనే అది చెవిలోని కండను కాల్చేస్తుంది.

గుబిలి కూడా నొప్పికి ఒక కారణమే, ముఖ్యంగా తలస్నానం తర్వాత ఉబ్బినప్పుడు. కోడి ఈక, తాళంచెవి, ఇయర్ బడ్, అన్నీ దాన్ని ఇంకా లోపలికి కూరుతాయి. గుబిలి తనంతట తాను బయటికి జరిగే పదార్థం. బిగుసుకున్నదాన్ని మెత్తబరిచే చుక్కలు డాక్టర్లు రాస్తారు. తిరునాళ్లలో, బస్టాండ్లలో చెవులు శుభ్రం చేస్తామనే వారి చేతిలో ఎన్ని చెవులు తాకిన కమ్మీ ఉంటుందో ఆలోచించాలి.

కారే చెవి

చెవి కారుతుంటే అందులో దూది కుక్కడం చీమును లోపలే నిలవ ఉంచడం అవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నేర్పే పద్ధతి పొడి వత్తి. ఉతికి ఎండబెట్టిన మెత్తని నూలు గుడ్డను మొనదేలేలా వత్తిగా తిప్పి, చెవి వాకిట్లో పెట్టి, తడిశాక తీసి మరొకటి పెట్టాలి. వత్తి పొడిగా వచ్చేదాకా ఇలా చేసి, రోజుకు కనీసం మూడుసార్లు చేయాలి. పుల్ల వాడకూడదు. తర్వాత డాక్టరు రాసిన చుక్కలు వేస్తే అవి పనిచేయవలసిన చోటికి చేరతాయి. చుక్కల సీసాను అరచేతుల మధ్య రెండు నిమిషాలు ఉంచితే తల తిరగదు. చిల్లు ఉన్న చెవిలో జెంటామైసిన్ లాంటి కొన్ని చుక్కలు వినికిడి నరాన్ని దెబ్బతీయగలవు కాబట్టి షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు సరికావు. స్నానం చేసేటప్పుడు వాజిలిన్ రాసిన దూదిని చెవి వాకిట పెట్టి, తర్వాత తీసేయాలి. ఈత మానాలి.

చెవిలో లేని చెవిపోటు

చెవికి స్పర్శనిచ్చే నరాలు పన్నుకు, దవడకు, టాన్సిల్స్‌కు, గొంతుకు, మెడకు కూడా వెళ్తాయి. కనుక అక్కడి నొప్పి చెవిలో పలుకుతుంది. చెవి ఎంత చూసినా శుభ్రంగా ఉండి పోటు మాత్రం వదలకపోతే నోరు తెరిపించి చూడాలి.

ఈ ప్రాంతంలో ఈ మాటకు ప్రత్యేకమైన బరువు ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో, చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. దీనివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి 1950ల నుంచే భారతీయ వైద్య పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. నోటి, గొంతు క్యాన్సర్లు కొన్ని మొదట్లో ఒక వైపు చెవిపోటుగానే తెలుస్తాయి. అడ్డపొగ పీల్చే అవ్వ మూడు వారాలుగా చెవి పోటంటుంటే నూనె చుక్కలతో కాలం గడపకూడదు. అంగిలి, నాలుక, గొంతు పరీక్ష చేయించాలి.

చక్కెర జబ్బు ఉన్న పెద్దవారి చెవిపోటు కూడా వేరుగా చూడవలసినదే. రాత్రిళ్లు పెచ్చరిల్లి, పారాసిటమాల్‌కు లొంగని నొప్పి అయితే సూడోమొనాస్ క్రిమి చెవి గొట్టం నుంచి పుర్రె అడుగు ఎముకలోకి పాకుతూ ఉండవచ్చు. మూతి వంకరపోయేదాకా ఆగితే వైద్యం కష్టమవుతుంది. చెవి మీద నీటి పొక్కులు, మంట, మూతి వంకర కలిసి వస్తే అది సర్పి. 1907లో దాన్ని వివరించిన రామ్సే హంట్ పేరుతో పిలుస్తారు. మొదటి మూడు రోజుల్లో మందు పడితే ఫలితం బాగుంటుంది.

మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వచ్చే చెవి దిబ్బడ, నొప్పి ఒత్తిడి తేడా వల్ల కలిగేవి. ఆవలింత, గుటక, చప్పరించే బిళ్ల సరిపోతాయి. చెంపదెబ్బకు, దీపావళి బాంబుకు కర్ణభేరి పగిలి నొప్పి వస్తే మాత్రం చెవిని పొడిగా ఉంచి, ఏదీ వేయకుండా చూపించుకోవాలి.

ఆగకూడని గుర్తులు

చెవి వెనక ఎముక మీద వాపు, చెవి దొప్ప ముందుకు తోసుకు రావడం, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడి ఉండటం, ఆగని వాంతులు, తల తిప్పుడు, మూతి వంకర, ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోవడం. వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు. చీము ఎముకలోకి, అక్కడినుంచి మెదడు పొరలకు పాకుతుంది. 1900లో పారిస్‌లో ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ మరణించింది చెవి జబ్బు తర్వాత వచ్చిన మెదడు పొరల వాపుతోనే. ఆయన తండ్రి సర్ విలియం వైల్డ్ చెవి వైద్యంలో పేరుమోసినవాడు, చెవి వెనక చీము తీసే కోతకు ఆయన పేరే ఉంది. యాంటీబయాటిక్స్ లేని ఆ కాలంలో వైద్యుడి ఇంటికి కూడా చెవి చీము నుంచి రక్షణ లేదు.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు ఇలాంటి రాత్రులకే. చోడవరం ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి పరీక్ష, అక్కడినుంచి అనకాపల్లి ఎన్టీఆర్ ఆసుపత్రి, ఆపై విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. ఊళ్లో ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పి ఉంచితే దారి తేలికవుతుంది.

నివారణలో పెద్ద మార్పు టీకాతో వచ్చింది. మధ్యచెవి చీముకు ముఖ్య కారణాల్లో ఒకటైన న్యుమోకాకస్‌కు వ్యతిరేకంగా ఇచ్చే టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021కల్లా దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో చేరింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా వేస్తారు. తడి చెవిని తువ్వాలు కొసతో బయటే తుడుచుకోవడం, ఇంట్లో పొగ తగ్గించడం మిగతా పని చేస్తాయి.

పోటు తగ్గాక ఒక పని మిగులుతుంది. చీము ఇంకినా మధ్యచెవిలో పల్చటి నీరు కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలల దాకా నిలుస్తుంది. నొప్పి ఉండదు కనుక ఎవరికీ తెలియదు. టీవీ శబ్దం పెంచే పిల్లవాడు, బడిలో పిలిస్తే పలకని పిల్ల మొండివాళ్లుగా కనబడతారు. మూడు నెలలు దాటినా వినికిడి మందంగా ఉంటే పరీక్ష చేయించాలి. బధిరత్వ నివారణకు 2007లో జాతీయ కార్యక్రమం మొదలైంది ఇలాంటి పిల్లలను పెందలాడే గుర్తించడానికే; నిలిచిన నీటిని తీయడానికీ, మూసుకోని చిల్లును అతకడానికీ శస్త్రచికిత్సలు ఉన్నాయి.